కియారా ఉరఫ్ పెంటమ్మ

పోయిన వారం మా బిడ్డ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నోటరీ ముద్ర పడాల్సిన చోటు ఖాళీగా ఉంది, మిగతాదంతా టైపు చేసి ఉంది. పుట్టిన సర్టిఫికెట్‌లో పొరపాటున నమోదైన పెంటమ్మ అనే పేరును తొలగించి కియారా అని సవరించగలరని దాని సారాంశం. నా మనవరాలికి ఐదో తరగతిలో గురుకులం సీటు వచ్చింది. బడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే చేర్చుకోరట. తొమ్మిదేళ్ల కింద దవాఖానలో ఆ పేరు చెప్పినదాన్ని నేనే కాబట్టి, పొరపాటు నాదని ఒప్పుకుని కింద సంతకం చేయాలి. కలం తీసుకున్నాను గానీ మళ్లీ మూత పెట్టేశాను. "రేపు చేస్తలే" అని కాగితం మడిచి పప్పుడబ్బా కింద పెట్టాను. "శుక్రారం దాక్నే గడువు అమ్మా" అంది మా బిడ్డ. తిట్టలేదు. తిట్టకపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

ఈ భయం సంగతి చెప్పాలంటే నా పేరు దగ్గర మొదలుపెట్టాలి. నా పేరు కూడా పెంటమ్మే. నాకు ముందు పుట్టిన ముగ్గురు నెల తిరగకుండా పోయారట. నేను పుట్టగానే మా అమ్మ నన్ను చాటలో వేసి, తీసుకెళ్లి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటి సాయిబుల అమ్మ అటుగా వచ్చి, "ఎవరిదో పిల్ల దొరికింది" అని ఎత్తుకుంది. మా అమ్మ ఆమెకు చాటెడు తౌడు ఇచ్చి నన్ను కొనుక్కుంది. ఎవరికీ అక్కరలేని పిల్లను ఎవరు మాత్రం ఎత్తుకుపోతారు? ఎత్తుకుపోయేవాడి పేరు మా అమ్మ ఎప్పుడూ పలకలేదు. 'ఆయన' అనేది, మా నాయన్ను అన్నట్టే. ఎవరి గురించి చెబుతుందో గొంతును బట్టి తెలుసుకోవాలి.

నేను బతికాను. బతికినందుకు పడాల్సినవన్నీ పడ్డాను. ఎవరేమన్నారో ఒక్కటీ మరిచిపోలేదు. నల్లగొండ నర్సు ట్రైనింగ్ హాస్టల్‌లో వార్డెన్, కోస్తా మనిషి, హాజరు పిలుస్తూ నా పేరు రాగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. మా అత్తగారు పెళ్లిపత్రిక మీద నన్నడగకుండా పద్మ అని అచ్చు వేయించింది. పెళ్లిరోజు మా నకిరేకల్ చుట్టాలు తప్పు పందిట్లోకి వచ్చామనుకుని తిరిగి బస్టాండుకు నడిచారు. ఉద్యోగంలో బదిలీ ఉత్తర్వు మీద గుమాస్తా 'పంతమ్మ' అని రాశాడు. అది సరిచేయమని మూడు అర్జీలు పెట్టాను. "గదొక్కటి ఉండనీయరాదే, సరిగ్గనే రాసిండు" అన్నాడు మా ఆయన. ఆ మాటకు ఆయనతో ఎన్నాళ్లు మాట్లాడలేదో ఆయనకే గుర్తుండాలి. ఇప్పుడు ఆయన లేడు. ఆ కోపం మాత్రం ఉంది.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మా అమ్మ మీద. పేరు మార్చుకుంటానని ఎప్పుడన్నా ఆమె ముఖం పాలిపోయేది. "వద్దు బిడ్డా. మారిస్తే ఆయనకు యాదికొస్తవ్" అనేది. నేను విసుక్కునేదాన్ని. హుజూర్‌నగర్ పక్కన ఊళ్లు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేయడం నా ఉద్యోగం, పక్కవాళ్ల పిల్లలకు ఎన్ని మంచి పేర్లున్నాయో నా రిజిస్టరే చెప్పేది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న ఇంట సైదులు, సైదమ్మ. వాళ్లది హిందువుల ఇల్లే, పేరు అరబ్బు దేశం నుంచి వచ్చింది, ప్రభువు అని అర్థం. చెరువుగట్టు శివుడికి మొక్కుకుంటే లింగయ్య. వాళ్ల తల్లులూ భయపడ్డవాళ్లే, కానీ వెళ్లి దేవుడి గడప మీద పెట్టారు. మా అమ్మకు పెంటకుప్పే దగ్గరైంది. రిటైరయ్యాక మొదటి పని పేరు మార్చుకోవడమేనని నిశ్చయించుకుని, దరఖాస్తు ఫారం తెచ్చి బీరువాలో దాచాను.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు మా బిడ్డకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. పేరు మాత్రం ఐదో నెలలోనే సిద్ధం. ఫోన్లో చూసి, ఆడపిల్లయితే కియారా అన్నారు. అర్థమేమిటని అడిగాను. అల్లుడు ఫోను చూసి చదివాడు. "ఇటలీల అయితే వెలుతురు అత్తమ్మా. ఐర్లాండుల అయితే నల్ల జుట్టుది."

"మరి మన నల్లగొండల?"

"మన దగ్గర ఎవరికీ తెల్వది, గందుకే పెడుతున్నం."

అప్పుడు నవ్వాను. పిల్ల పుట్టి, నా వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా కూడా రానప్పుడు నవ్వు ఎగిరిపోయింది. నల్లగొండలో ఒక దవాఖానలో గాజుపెట్టెలో పెట్టారు. మూడో రోజు పగలు, ఊపిరి తీస్తూ తీస్తూ మధ్యలో ఆపేయడం మొదలుపెట్టింది. అలా ఆపినప్పుడు నేను ఎన్ని అంకెలు లెక్కపెట్టానో ఇప్పటికీ నోటితో చెప్పలేను. వెలుతురు అని పేరు పెడితే ఎవరికైనా దూరం నుంచే కనబడుతుంది కదా అనిపించింది. ఎన్నో ఏళ్లు సూదీ మందూ పట్టుకున్న చేతులివి. ఆ చేతులు చాట కోసం, తౌడు కోసం వెతుక్కున్నాయి.

సరిగ్గా అప్పుడు కొత్త నర్సమ్మ అట్ట పట్టుకుని వచ్చింది. "పేరు చెప్పమ్మా జల్ది." పిల్ల దగ్గర ఉన్న మనిషి పేరు అడుగుతోందనుకున్నాను. "పెంటమ్మ" అన్నాను. రాసుకుని పోయింది.

కాసేపటికి డాక్టరు మందు మార్చాడు. పొద్దువాలే వేళకు పిల్ల ఊపిరి ఒక తీరుకు వచ్చింది. పాలలో తడిపిన దూదిని చప్పరించింది. అప్పుడు చూశాను పెట్టెకు అంటించిన చీటీ. పిల్ల పేరు ఉండాల్సిన చోట నా పేరు ఉంది. ఒక్క అక్షరం తప్పుపోతే మూడు అర్జీలు పెట్టే మనిషిని, గొంతు సవరించుకుని నర్సమ్మ బల్ల వైపు కదిలాను.

గుమ్మంలో ఒకతను కూర్చుని ఉన్నాడు. బీహార్ నుంచి వచ్చి రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి. వాళ్ల బాబు పక్క పెట్టెలో ఉన్నాడు. చీటీలో పేరు మార్పించాలని నేను గొణగడం అతను విన్నట్టున్నాడు. "అమ్మా, పెంటమ్మ మతలబ్ ఏంది?" అని అడిగాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని కోపంగా, "కచరా కుప్ప. ఏం, నవ్వొస్తాందా?" అన్నాను.

అతను నవ్వలేదు. "నా పేరు ఘూరన్ అమ్మా. మా దేశంల ఘూర్ అంటే గదే. నా ముందల ఇద్దరు పోయిండ్రు. మా అమ్మ నన్ను గా కుప్ప మీద పెట్టింది." తర్వాత మెల్లగా, "గా చీటీ మార్పియ్యకు. పాలు తాగుతాంది గద" అన్నాడు.

నేను అక్కడే గోడకు ఆనుకున్నాను. ఎక్కడి బీహార్, ఎక్కడి మా ఊరు. ఆ తల్లికి మా అమ్మ చెప్పలేదు, మా అమ్మకు ఆమె చెప్పలేదు. ఇద్దరూ వేరు వేరు ఇళ్ల వెనక, ఒకే కుప్ప దగ్గర, ఒకే భయంతో వంగి నిలబడ్డారు. మా అమ్మ మీద నా ఫిర్యాదు ఆ గుమ్మంలో మొదటిసారి తడబడింది. పిల్లను బతికించింది మందేనని నాకు తెలుసు, నేనూ ఆ శాఖ మనిషినే. అయినా వెనక్కి వచ్చి చీటీ ముందు నోరు మూసుకుని కూర్చున్నాను. నా బతుకులో నేను ఫిర్యాదు చేయని అచ్చుతప్పు అదొక్కటే.

ఆ పేరే మున్సిపాలిటీకి వెళ్లి సర్టిఫికెట్ అయింది. మా బిడ్డ లబలబలాడింది. పిల్లకు రెండేళ్లప్పుడు మీసేవలో మార్పు కోసం దరఖాస్తు పెట్టి ఇంటికొచ్చిన రోజే పిల్లకు జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. జ్వరానికి పిల్లలకు అలా రావడం మామూలేనని ఎన్ని ఊళ్లలో ఎంతమంది తల్లులకు చెప్పానో. నా బిడ్డకు చెప్పబోతే నా నాలుక తిరగలేదు. వారం తర్వాత ఆమే వెళ్లి దరఖాస్తు వాపసు తీసుకుంది. మేమిద్దరం దాని గురించి మళ్లీ మాట్లాడలేదు.

గురువారం నేనే మీసేవకు పోయాను. మా పాత భూమి కాగితాల్లో ఒక మనిషికి రెండు పేర్లుంటే మధ్యలో ఉరఫ్ అని రాసేవారు. "కియారా ఉరఫ్ పెంటమ్మ అని కొట్టు నాయనా" అని బతిమాలాను, తర్వాత దబాయించాను.

"ఉరఫ్‌కు గడి లేదమ్మా. కంప్యూటర్ తీసుకోదు" అన్నాడు ఆపరేటర్. పై అధికారికి రాస్తానన్నాను. "రాయి అమ్మా, గా అర్జీల గూడ ఒక్క పేరే పట్టుద్ది" అన్నాడు. వీడి మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున పప్పుడబ్బా కింద నుంచి కాగితం తీశాను. మా బిడ్డ పిల్లను ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది, తొమ్మిదేళ్ల పిల్లను. పిల్ల విడిపించుకుంటూ అడిగింది. "అమ్మమ్మా, నా దాంట్లకెళ్లి తీసేసినంక గా పేరు యాడికి పోతది?"

నేను కాగితం కింది భాగం చూశాను. సంతకం గీత ఖాళీగా ఉంది. ఆ గీత మీద నేను రాయగలిగింది ఒక్కటే మాట. "యాడికి పోదు బిడ్డా. నా దగ్గరికే వస్తది" అన్నాను. పైన తొలగించమన్న పేరునే కింద నిదానంగా, ప్రతి అక్షరమూ గుండ్రంగా, ఎవరు వెతుక్కుంటూ వచ్చినా ఇట్టే కనబడేలా రాశాను.

ఆ సాయంత్రం బీరువా తెరిచి, పేరు మార్చుకుందామని దాచిన నా దరఖాస్తు ఫారం తీసి పొయ్యిలో వేశాను. మా అమ్మ పేరు పలకని 'ఆయన' ఏదో ఒకరోజు పెంటమ్మా అని పిలుస్తాడు. ఆ పేరుకు పలకడానికి మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.