మేనత్త పెరుగు క్యాన్లు

మొన్న చింతామణిలో, మా అంగడి వెనక గదిలో, మా అమ్మాయి పీయూసీ జీవశాస్త్రం పుస్తకం నా చేతికిచ్చి, తను అప్పజెప్పేది సరిగ్గా ఉందో లేదో చూడమంది. ఏటీపీ అంటే అడెనిన్, రైబోస్ అనే చక్కెర, వెనక తోకలా మూడు ఫాస్ఫేట్లు. కొస ఫాస్ఫేటు విడిపోతే కణానికి శక్తి. అంతవరకు చెప్పి ఆగింది. "ఆ అడెనిన్, రైబోస్ ఆర్ఎన్ఏలోనూ ఉంటాయి" అన్నాను, పుస్తకం చూడకుండానే. బేరం తప్ప మరో విద్య రాని నాయన నోట ఆ మాట విని దానికి నవ్వాగలేదు. "నీకెట్ల తెలుసు నాయనా?" అంది. నేను పుస్తకం మూసేశాను.

నాకది తెలిసింది మా మేనత్త పెరుగు క్యాన్ల వల్ల. అత్తది బాగేపల్లి. మొగుడు పోయాక రెండావులతో మొదలుపెట్టి, పెరుగు అమ్ముకుని, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికిన మనిషి. ఆ పెరుగును చిక్కబళ్ళాపురలో ఒక మిఠాయి కార్ఖానాకు కుదిర్చింది నేనే. మూడో నెలలో ఆ కార్ఖానా నుంచి ఒకమ్మాయి సెల్‌ఫోనంత యంత్రంతో వచ్చి, క్యాను లోపల దూదిపుల్లతో తుడిచి అందులో పెట్టింది. మురికిలోని సూక్ష్మజీవుల్లో ఏటీపీ ఉంటుందట. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే పదార్థం తగిలితే మినుకుమంటుందట. ఎంత వెలుగో అంత మురికి. ఆర్ఎన్ఏ సంగతీ ఆ పిల్లే చెప్పింది, నేను తనను మాటల్లో పెడుతున్నానని తెలియక. ముప్పై లోపు రావలసిన అంకె నాలుగు వందలు దాటింది.

"నూరని రాసుకోమ్మా" అన్నాను. "ఇది రేటు కాదన్నా" అంది. "సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు, నూటయాభై." అత్తకు రోషమొచ్చింది. "నువ్వు నోర్ముయ్యప్పా! నా క్యాన్లో మురికి యాడుండాది? మా నాయన కాలం నుంచి తోమతాండాను. మళ్ళీ తోమతా, చూడు పాపా" అని కొళాయి దగ్గర కూర్చుంది.

అప్పుడు చూశాను. చెయ్యి తిరిగినంత మేరా క్యాను మెరుస్తోంది. మూతి అంచు కింద ఎండిపోయిన పెరుగు చార మాత్రం అలాగే ఉంది. పక్కనే పెట్టిన పీచు కోసం అత్త నేలంతా తడుముతోంది. అత్తకు చూపు ఆనడం లేదని చెబితే ఆ పిల్ల ముందు బేరం చెడుతుంది. "నువ్వు కాఫీ పెట్టత్తా, నేను కడిగి బోర్లిస్తా" అని, పంచె ఎగగట్టి, అంచు గీకి కడిగాను. ఈసారి పద్దెనిమిది. "చూసినావా, మిషనుకూ బుద్ధొచ్చిండాది!" అంది అత్త.

ఆ తరవాత ఆరు నెలలు, ఆ పిల్ల వచ్చే ప్రతి సోమవారం ముందుగా పోయి, అత్త తోమిపెట్టిన క్యాన్లు ఆమెకు తెలియకుండా మళ్ళీ కడిగాను. మిగతా రోజులకు పక్కింటావిడను కుదిర్చాను, అత్తకు చెప్పొద్దని. ఇంత మంచి బేరం జన్మలో చేయలేదని మీసం కూడా మెలేసుకున్నాను.

ఒకరోజు అత్త మెట్టు కానక పడింది. చిక్కబళ్ళాపురలో డాక్టరు చూసి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందని, పోయిన చూపు రాదని, ఆరు నెలల ముందు తెచ్చుంటే చాలావరకు నిలిచేదని అన్నాడు. ఎవరి దగ్గరైనా ఎంతో కొంత తగ్గించుకోకుండా లేవని నేను, డాక్టరు చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాను.

తిరుగు బస్సులో అత్తే మాట్లాడింది. "కండ్లు మసకేస్తాండాయని నాకు అనుమానం ఉండె అప్పా. మిషను ప్రతిసారీ బాగుందంటాంటే, నాదే పిచ్చి అనుమానమని ఊరుకుంటిని."

ఇప్పటిదాకా ఆమెకు నిజం చెప్పలేదు. ఆ ఆరు నెలలూ నేను గెలుచుకున్న కాలం అనుకున్నాను. అవి ఆమె కళ్ళకు మిగిలిన కాలం.