రెండు రింగులు, రెండు దారాలు

అరుంధతికి ఉగ్గుపాలతోనే పిరికిమందు పోశారని వర్క్‌షాప్‌లో అందరూ ఎగతాళి చేసేవారు. కాదనడానికీ లేదు. నంద్యాల నుంచి తార్నాకకు వచ్చి, యూనివర్సిటీ ఇంజనీరింగ్ వర్క్‌షాప్‌లో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నా, తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూడకుండా ఏనాడూ ఇంటికి వెళ్లలేదు.

విద్యార్థులు తయారుచేసిన చిన్న తెరచాప పడవకు సామాను ఎంచినప్పుడూ అంతే. తెరచాప కట్టే నిలువు గడను, అంటే మాస్ట్‌ను నిలబెట్టేవి రెండు పక్కలా ఉండే ఉక్కుతీగలు. వాటి బిగువు సరిచేయడానికి తిప్పే మరలు కావాలన్నారు వాళ్లు. వెంట్రుకవాసి తేడా కూడా సర్దుకోవచ్చట. "అదురుకు మర వదులైతే? మాస్ట్ ఎవరి నెత్తిన పడాల?" అని అరుంధతి బెజ్జాల పట్టీలనే ఎంచింది. కావలసిన బెజ్జంలో పిన్ను గుచ్చి, అది జారకుండా కొసకు చిన్న రింగు తొడగాలి. "కంటిని నమ్మొద్దు, వేలితో తడిమి చూడు," అని పడవ నడిపే ధరణికి చెవినిల్లు కట్టుకుని చెప్పింది.

అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున తార్నాక చౌరస్తాలో చెమట తుడుచుకోబోతే, చేతిరుమాలుకు చిక్కుకుని రెండు రింగులు బయటపడ్డాయి.

నిన్న ఆయుధపూజ. లేతు మిషన్లకూ సుత్తులకూ బొట్లు పెట్టి, పడవకూ పెట్టి, రెండు పక్కలా పిన్నులకు పసుపుదారాలు కట్టింది. దారం దూరే చోటు లేక రింగులు తీసింది. ప్రసాదాల హడావుడిలో మళ్లీ పెట్టడం మరిచిపోయింది. గాలికి ఆ దారం తెగితే పిన్ను జారుతుంది, మాస్ట్ కూలుతుంది. పూజదారాన్ని ఎవరు విప్పి చూస్తారు? కింద రింగు ఉందనే అనుకుంటారు. తీగలు విప్పకుండానే మాస్ట్ వాల్చి, ఎనిమిదింటికి ట్రాలీ మీద ట్యాంక్‌బండ్‌కు తీసుకెళ్తారు. అప్పటికే ఎనిమిది దాటింది.

ధరణికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. వాళ్లు ఆలస్యంగా బయల్దేరి ఉంటే బాగుండునని ఆటో ఎక్కింది.

"ఏంది మేడం, గట్ల వణుకుతున్నరు? దవాఖానకా?"

"కాదప్పా, యూనివర్సిటీకి. జల్దీ పోనీ!"

వర్క్‌షాప్ వెనక పచ్చిక మీద ట్రాలీ చక్రాల గుర్తులే మిగిలాయి. లోపలికి వెళ్తే అమ్మవారి పటం ముందు తెంపిన దారం ఒకటి పద్ధతిగా చుట్టి ఉంది. ఒక్కటే. అంటే ఒక పక్కే చూసుకున్నారు! ఈ భయం మొదటి దానికంటే ఘోరంగా పట్టుకుంది. నా భక్తే ఆ పిల్లను మింగుతుందా అని గోడకు చేరగిలబడి ఏడ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది.

"మేడం, ట్రాలీ మీద కూసున్న, ఫోన్ సంచిల ఉండె. గిన్ని కాల్స్ ఏంది?"

"ధరణీ, రింగు... రెండో పక్క..."

"రెండు పక్కలా లేకుండె మేడం. వేలితో తడిమితే తెల్సింది. పూజదారం తెంపాలంటే చేతులు వణికినయ్. అయినా తెంపిన. డబ్బాలకెల్లి కొత్తవి తొడిగిన."

"మరి రెండో దారం?"

"నా చేతికి కట్టుకున్న. మీరు కట్టింది గదా, ధైర్యంగ ఉంటదని."

ధైర్యమట! ఇరవై రెండేళ్లలో ఆమె దగ్గర ధైర్యం అడిగి తీసుకున్న మనిషి లేదు. అరుంధతి రెండు రింగులనూ గుప్పిట్లో బిగించుకుని, వణుకు తగ్గేదాకా అక్కడే కూర్చుంది.