నా చార్టులో లేని ఖాళీ

ప్రభువు కృపవలన ఈ ఉదయం ఇక్కడ చేరిన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ నా వందనాలు. గుంటూరులో ఇరవై తొమ్మిదేళ్లు మత్తు డాక్టరుగా పనిచేస్తూ, వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతూ, పరిశోధన చేసినవాణ్ని నేను. అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. అటువంటి నన్ను పదకొండు నెలలు పట్టి పీడించినది అసూయ!

దర్శి దగ్గర ఒక మిరప రైతు కూతురు డాక్టర్ మాధవి నా దగ్గరే చదువుకుంది. సిజేరియన్ తల్లులకు వెన్నులో ఇచ్చే మత్తుమందు తగ్గిస్తే బీపీ ఎంత నిలకడగా ఉంటుందో నలభై మందిలో పరిశీలించి వ్యాసం రాసింది. అదే విషయం మీద నేను ముందే రాసిన వ్యాసాన్ని ఎవరూ తలచుకోలేదు, ఆమెది మాత్రం అందరూ మెచ్చుకున్నారు, విభాగాధిపతి పదవికీ ఆమె పేరే వినబడసాగింది. నాకు అన్నం సహించేది కాదు. "ఏమండీ, ఆ అమ్మాయిని తిట్టకుండా ఒక్క ముద్దయినా దిగదా మీకు? పప్పులో కూడా ఆవిడే కనబడుతోందా?" అని నా భార్య దెప్పేది.

ఒక ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుని, సోమవారం ఆమె అంకెలు కల్పితమని కాలేజీ కమిటీకి ఫిర్యాదు రాశాను! ఆమెకు రావలసిన పదవి ఆగిపోయింది. నన్ను రుజువు చూపమన్నారు.

ఆపరేషన్ సాగినంతసేపూ అయిదు నిమిషాలకోసారి బీపీ, నాడి చూసి చార్టులో రాయడం మా విధి. రికార్డు రూంలో కూర్చుని ఆమె నలభై చార్టులూ తిరగేశాను. నిజంగా చూసి రాసిన అంకెలు ఎలా ఉంటాయో అలాగే ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకచోట ఖాళీ వదిలి, తల్లికి వాంతులవడం వల్ల బీపీ చూడలేకపోయానని రాసి సంతకం చేసింది. పోల్చడానికి నా చార్టులు తెప్పించుకున్నాను. అయ్యో, ఒక్క ఖాళీ లేదు! అందులో వేటపాలెం నుంచి వచ్చిన ఒక తల్లి నాకు బాగా గుర్తు: బీపీ పడిపోతే ఆమెను నిలబెట్టడానికి ఇరవై నిమిషాలు నా రెండు చేతులూ చాలలేదు, దేవుని దయవల్ల తల్లీబిడ్డా క్షేమం, కాని ఆ ఇరవై నిమిషాల అంకెలు తర్వాత కాఫీ తాగుతూ ఊహించి నింపినవి! అలాంటి చార్టులు ఏడు తేలాయి. ఏడూ నా వ్యాసంలోకి ఎక్కినవే!

అక్కడే బల్ల మీద తల వాల్చి, "ప్రభువా, ఆమెలో వెతికిన దోషాన్ని నా చేతిరాతలో చూపించావు. ఈ కుళ్లు నాలోంచి తీసెయ్యి తండ్రీ, నా పేరు పోతే పోనీ" అని ఏడ్చాను.

ఆ చార్టులతో మాధవి గదికి వెళ్లి అంతా ఒప్పుకున్నాను. ఆమె నన్ను కూర్చోమనలేదు.

"రెండు నెలలుగా మా నాన్న ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాడు సార్. మీ అమ్మాయి దొంగ లెక్కలు రాసిందంటగా అని మిరప కళ్లంలోనే అడుగుతున్నారంట. నా ఒక్కదానికి చెబితే ఏం లాభమండీ? కమిటీ ముందు చెప్పండి."

చెప్పాను, సహోదరులారా! ఫిర్యాదు వెనక్కి తీసుకుని, నా వ్యాసాన్ని తొలగించమని పత్రికకు రాశాను. వాళ్ల ఊరికీ వెళ్లి, కళ్లంలో నలుగురి ముందు ఆమె తండ్రికి క్షమాపణ చెప్పాను. "సరేలెండి డాక్టరుగారూ, ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి" అన్నారాయన.

ఆమెను విభాగాధిపతిగా ప్రకటించిన రోజు వెనక వరసలో కూర్చుని నా మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకున్నాను. ఆమె పేరు వింటేనే నూటపది దాటే నాడి, నిమిషానికి డెబ్బై రెండు! దేవునికే మహిమ! మీలో ఎవరి పేరు వింటే ఎవరి గుండె మండుతోందో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. ఆ పేరును ఈ పూటే ఆయన పాదాల దగ్గర పెట్టి, ఆయనను నమ్మి చూడండి.