యాభై రెండో పుస్తకంలో కోళ్లు

ఈ భూమి మీద అచ్చయిన పుస్తకాల్లో సగం మా తాతయ్య కుట్టినవే. మిగతావి ఆయన చేతిలో పడే అదృష్టం లేక ఇప్పటికీ పేజీలు రాల్చుకుంటూ ఏడుస్తున్నాయి. సాక్ష్యం కావాలంటే మీ ఇంట్లో ఏదైనా పుస్తకాన్ని వెన్ను పట్టుకుని గట్టిగా దులపండి. పేజీ రాలకపోతే అది తాతయ్య పని. రాలితే ఆ రోజు ఆయన సెలవు పెట్టాడని అర్థం.

అంతటివాడు, బైండింగ్ షాపులో నలభై రెండేళ్లు పనిచేసి, చదివిన పుస్తకాలు మాత్రం సున్నా. ఆయన దృష్టిలో పుస్తకమంటే పదహారేసి పేజీల మడతల కట్ట. ఒక్కో మడతను ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చీమంత అంకె ఉంటుంది. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు వచ్చాయో లేదో చూసుకుని కుట్టెయ్యడమే. "అంకె నా పూచీ, అక్షరం రాసినవాడి పూచీ" అనేవాడు.

షాపు మూసేశాక అక్కడి ఇనప ప్రెస్సును ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టించాడు. కింద ఒక పలక, పైన ఒక పలక, ఆ పైన చక్రం. మధ్యలో పుస్తకాలు పెట్టి చక్రం తిప్పితే ఎంత పొగరుబోతు పుస్తకమైనా కిక్కురుమనకుండా అణిగిపోతుంది. అయితే దాని కాలు రోజుకొకసారి అమ్మమ్మ చిటికెన వేలిని పలకరించేది. కొత్త సంవత్సరం మొదటి రోజున కూడా పలకరించింది.

"అమ్మో! ఏమండీ, ఇది ఇల్లా, కార్ఖానానా? పాత ఇనుము అతన్ని పిలుస్తున్నా."

"పిలువు. నన్ను కూడా తూకం వేయించు."

"మిమ్మల్ని ఎవడు తీసుకుంటాడు? అన్ని పుస్తకాలు కుట్టారు, ఒక్కటైనా చదివారా? కూరలో మునిగినా గరిటెకు రుచి తెలుస్తుందా!"

తాతయ్యకు రోషం వచ్చింది. "చదవలేకనా? వారానికొకటి నమిలేస్తా."

"అయితే ఏడాదిలో యాభై రెండు చదవండి. ఒక్కోదాని కథ నాకు చెప్పాలి. ఒక్కటి తగ్గినా ప్రెస్సు గుమ్మం బయటే."

అలా మొదలైంది. మొదటి పుస్తకం అయ్యాక వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మమ్మ వంకాయలు తరుగుతోంది.

"ఎలా ఉంది?"

"కుట్టు వదులు. వెనకట్ట వంకర."

"కథండీ!"

"కథా? ఒకాయన ఊరెళ్లి వచ్చాడు."

"ఎందుకెళ్లాడు?"

"నేనడగలేదు."

ఆ పుస్తకం మళ్లీ చదవాల్సి వచ్చింది. ఆ తర్వాత బుద్ధిగానే చదివాడు గానీ చేతి దురద పోలేదు. వదులైన పుస్తకం కనిపిస్తే, దాన్ని విప్పి, కొత్త దారంతో కుట్టి, జిగురు పూసి, ప్రెస్సులో బిగించి, ఆరాక అప్పుడు చదివేవాడు. చినిగి వెళ్లిన పుస్తకాలు పెళ్లికొడుకుల్లా తిరిగొస్తుంటే లైబ్రరీ మేడం మొదట భయపడింది, తర్వాత తెలివి తెచ్చుకుంది. చదవడానికి ఒకటి, బాగుచేయడానికి ఇంకొకటి చేతిలో పెట్టేది.

వేసవి దాటేసరికి ఇంట్లో తమాషా మొదలైంది. కథ మంచి పట్టులో ఉంటే పాలు పొంగి పొయ్యి మీద పడ్డా అమ్మమ్మ కదలడం మానేసింది. "ఆ పిల్ల ఉత్తరం చింపేసిందా లేదా, అది చెప్పండి ముందు" అనేది. తాతయ్య కావాలనే అక్కడ ఆగి మంచినీళ్లు అడిగేవాడు.

ఏడాది చివరి రోజుకు యాభై ఒకటి పూర్తయ్యాయి. యాభై రెండోది హత్య కథ. పాత ఇనుము అతన్ని సాయంత్రానికి రమ్మని అమ్మమ్మ ముందే చెప్పి ఉంచింది. మాటంటే మాటే. మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతయ్య ధీమాగా చివరి ఘట్టం మొదలుపెట్టాడు.

"డిటెక్టివు అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. తలుపు వేశాడు. హంతకుడు ఇక్కడే ఉన్నాడు అన్నాడు."

"ఆ! ఎవరు?"

"పిల్లల్ని మొదటి వారం వెచ్చగా ఉంచాలన్నాడు."

"ఎవరి పిల్లల్ని?"

"అది చెప్పలేదు. తర్వాత తవుడు పెట్టమన్నాడు."

"హంతకుడికా?"

"అందరికీ. రెట్టలు మాత్రం ఏ రోజుకారోజు తీసెయ్యాలిట."

అమ్మమ్మ పుస్తకం లాక్కుని చూసింది. "ఇది కోళ్ల పెంపకమండీ!"

"అంకె సరిగానే ఉందే! చూడు, పదకొండు తర్వాత పన్నెండు" అన్నాడు తాతయ్య. అంటూనే ఆయన ముఖం పాలిపోయింది. కిందటి వారం ప్రెస్సు మీద ఈ పుస్తకాన్నీ, లైబ్రరీ మేడం బాగుచేయమని ఇచ్చిన కోళ్ల పుస్తకాన్నీ పక్కపక్కనే విప్పి పెట్టాడు. రెండూ ఒకే కొలత. రెండింట్లోనూ చివరి ఫారం పన్నెండే.

"హంతకుడెవరో తెలియకుండా చదివినట్టు ఎలా అవుతుంది?" అంది అమ్మమ్మ. "యాభై ఒకటే."

తాతయ్య సూది, దారం జేబులో వేసుకుని, హత్య పుస్తకం చంకన పెట్టుకుని లైబ్రరీకి పరుగెత్తాడు. కోళ్ల పుస్తకం అక్కడ లేదు. వీధి చివర సెలూన్ నడిపే బావ పట్టుకెళ్లాడట. చిన్నాపెద్దా అందరూ అతన్ని బావ అనే పిలుస్తారు. డాబా మీద కోళ్లు పెంచుతాడు.

ఆ సమయానికి బావ ఒకాయనకు సగం గడ్డం గీసి ఉన్నాడు.

"రా పెద్దాయనా! ఇదేం పుస్తకం? కోళ్లకు జబ్బు చేస్తే ఏం చెయ్యాలో చూద్దామంటే చివర పోలీసులొచ్చారు! పాపం, చంపింది ఎవరనుకున్నావ్..."

తాతయ్య గభాలున బావ నోరు మూశాడు. "చెప్పావంటే నీ కోళ్ల మీద ఒట్టు! నేనే చదవాలి."

పుస్తకం తీసి దారం తెంపుతుండగానే గుమ్మంలో అమ్మమ్మ కనిపించింది. చేతికి పిండి, కాళ్లకు చెప్పుల్లేవు.

"పాత ఇనుము అతను వచ్చేశాడా?" అన్నాడు తాతయ్య బెదురుగా.

"వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, కూర్చోనివ్వండి. ఆ పన్నెండోది పైకి చదవండి ముందు. ఇంటిదాకా నేనాగలేను."

ఖాళీ కుర్చీలో కూర్చుని తాతయ్య చదివాడు. సగం గడ్డం ఆయన ముఖం మీద నురగ ఎండిపోయింది. కత్తి పట్టుకున్న బావ, అన్నీ తెలిసినవాడిలా, మధ్యమధ్యలో తలాడించాడు. చంపింది చచ్చినాయన బావమరిది.

"మూడో అధ్యాయంలోనే చెప్పానా లేదా! టోపీ విప్పనివాణ్ని నమ్మొద్దన్నాను" అంది అమ్మమ్మ తొడ చరిచి. తాతయ్య రెండు ఫారాలనూ ఎక్కడివక్కడ కుట్టి, దారం పళ్లతో కొరికి, "యాభై రెండు" అన్నాడు.

ఇంటికొచ్చాక పాత ఇనుము అతనికి అమ్మమ్మ చిల్లుపడ్డ బకెట్ ఒకటి ఇచ్చి పంపించింది. "మరి ప్రెస్సమ్మా?" అని అతను అడిగితే, "అది మాట్లాడకు" అంది. ప్రెస్సు కాలికి మాత్రం పాత దుప్పటి చుట్టించింది.

ఇదంతా రాసి, మనవరాలినైన నేనే తాతయ్యకు చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఎలా ఉంది తాతయ్యా?"

"ఎన్ని పేజీలు?"

"నాలుగు."

"నాలుగింటికి కుట్టెందుకు? పిన్ను కొట్టి అవతల పారెయ్."