ఏరుకు తినడం నేర్చేదాకా

నిన్న పొద్దున పావురాలు రాకుండా మా బాల్కనీకి వల కట్టడానికి ఒకతను వచ్చాడు. మా నవాగామ్ పేటలో ఇప్పుడు వల లేని బాల్కనీ అరుదు. దూరం నుంచి చూస్తే మేడలకు దోమతెరలు వేసినట్టుంటుంది. కూలర్ వెనక చేయి పెట్టి అతను ఒక పావురం పిల్లను బయటకు తీశాడు. "బెన్, దీన్నేం చెయ్యాలి?" అని హిందీలో అడిగాడు. ఇక్కడ ఆడవాళ్ళను అక్కా అన్నట్టు బెన్ అంటారు. నాకు మా వదిన గుర్తొచ్చింది.

అప్పట్లో మేం మగ్గాల పనికి వలస వచ్చి, ఇదే ఊళ్ళో వడోద్‌లో ఉండేవాళ్ళం. అన్నయ్య పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు నడిపేవాడు, వదిన అదే షెడ్డులో ఓ మూల కూర్చుని కండెలకు దారం చుట్టేది. షెడ్డు యజమాని, సేఠ్, భక్తిపరుడు. రోజూ మా సందు చివరి చబూత్రా దగ్గర, అంటే పావురాలకు గింజలు చల్లే గద్దె దగ్గర, చెప్పులు విడిచి మరీ జొన్నలు పోసేవాడు. అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకు వచ్చి, రెట్టలు పడి బట్ట పాడవుతోందని పైకప్పు కింది గూళ్ళు పీకించేవాడు. పుణ్యం ఒకచోట, వ్యాపారం ఇంకోచోట. అలా పీకించిన గూట్లోంచి పడిన పిల్లను వదిన కండెల బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

పావురం పిల్లంత అందవికారమైన ప్రాణిని నేను చూడలేదు. ఒళ్ళంతా పసుప్పచ్చ నూగు, మొహానికి మించిన ముక్కు, పెళ్ళిలో మర్యాద తక్కువైందని అలిగిన పెద్దమనిషి చూపు. అమ్మ చూడగానే, "ఏందే ఇది? పావురం ఇంట్ల జొరబడితె ఇల్లు పాడువడ్తది. అవతల పారెయ్" అంది. "చిన్న పాణం, అత్తమ్మా" అని మాత్రం అంది వదిన. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లల్లేని కోడలు ఏదో ఒకటి అడిగిందని కాబోలు, అమ్మ గొణుగుతూనే ఊరుకుంది.

తిండి పెట్టడమే కష్టమైంది. పిచ్చుక పిల్లలా ఇది నోరు తెరవదు. తల్లి నోట్లో తన ముక్కు దూర్చి తింటుంది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. చెంచాతో పోసిందంతా మెడ మీద కారిపోయేది. ఒకనాడు అది వదిన వేళ్ళ సందుల్లో ముక్కు దూర్చి వెతుక్కోవడం ఆమె చూసింది. చాయ్ గ్లాసులో నానబెట్టి నూరిన జొన్నలు పోసి, మూతికి బట్టపీలిక కట్టి, నడుమ చిల్లు పెట్టింది. పిల్ల ఆ చిల్లులో ముక్కు దూర్చి, రెక్కలాడిస్తూ కడుపారా తిన్నది. వదిన అంతగా నవ్వడం ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. తర్వాత సేఠ్ కంటపడకుండా దాన్ని బుట్టలోనే పనికి తీసుకుపోయేది. మగ్గాల హోరులో అది హాయిగా నిద్రపోయేది. కరెంటు పోయి మగ్గాలాగితే ఉలిక్కిపడి లేచేది.

దానికి ఈకలొచ్చే వేళకు వదినకు దగ్గు పట్టుకుంది. సందులో మందులిచ్చే డాక్టరు ఆమె భుజం మీది పావురాన్ని చూసి ఇంక దేన్నీ చూడలేదు. రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదన్నాడు. అది అబద్ధమూ కాదు. కానీ ఆమె పొద్దంతా ఎక్కడ కూర్చుంటుందో, సాయంత్రానికి ఆమె కనుబొమల మీద తెల్లగా పేరుకునే దారపు నుసి ఏమిటో ఆయన అడగలేదు. షెడ్డు పని మాన్పించి చూడమని నేనన్నాను. "పని బంద్ వెడితె ఎట్ల నడుస్తది? జర సోచాయించు. పావురం పోతె ఏం పోతది?" అన్నాడు అన్నయ్య. వదిన అందరినీ బతిమాలింది. "గింజలు ఏరుకొని తినుడు నేర్వనియ్యుండ్రి. అటెన్క నేనే ఇడిసొస్త."

ఎవరూ వినలేదు. ఆ సాయంత్రమే అన్నయ్య దాన్ని చబూత్రా దగ్గర వదిలి వచ్చాడు. "సేఠ్ జొన్నలు పోస్తనే ఉంటడు. దానికేం తక్కువ?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వదినా నేనూ ఆ చాయ్ గ్లాసు పట్టుకుని వెళ్ళాం. గద్దె చుట్టూ జొన్నలు, జొన్నల మీద గుంపులుగా పావురాలు. మాది లేదు. "వో తో సబ్‌కే పైర్ కే పాస్ జా రహా థా" అన్నాడు అక్కడి చాయ్ బండివాడు తల తిప్పుకుని. వచ్చేపోయే అందరి కాళ్ళ దగ్గరికీ వెళ్ళిందట. కుక్క దగ్గరికీ అలాగే వెళ్ళింది. గద్దె కింద కొన్ని ఈకలు మిగిలాయి. వదిన ఏడవలేదు. గ్లాసులోది అక్కడే పోసి, "యాళ్లయితుంది, నడువు" అని షెడ్డుకు బయల్దేరింది.

పావురం పోయింది, దగ్గు పోలేదు. చాలా ఆలస్యంగా పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ అన్నిటికంటే ముందు ఏం పని చేస్తావని అడిగింది. అప్పటికి ఆ ప్రశ్నతో ఒరిగేదేమీ లేదు. మరుసటి ఏడాది వదిన కూడా పోయింది. ఇప్పుడు ఏటా ఆ తిథి నాడు అన్నయ్య అదే చబూత్రా దగ్గర, సేఠ్‌లాగే చెప్పులు విడిచి, ఆమె పేరున జొన్నలు పోస్తాడు. అమ్మ పక్కన నిలబడి దండం పెడుతుంది. నన్నూ రమ్మంటారు, నేను వెళ్ళను. నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు.

వల కట్టే అతనితో పిల్లను మళ్ళీ కూలర్ వెనకే పెట్టించి, అది ఎగిరిపోయాక రమ్మని పంపేశాను. వదిన అడిగింది కూడా ఇంకొన్నాళ్ళే. అప్పుడు ఆ కొన్నాళ్ళు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేకపోయాయి. ఆమె తిథికి మాత్రం ఏటా అందరికీ తీరిక దొరుకుతోంది.