నల్లబడ్డ పన్ను

మా అమ్మ అడ్డాకులతో విస్తర్లు కుట్టేది. వెదురు పుల్లని ఆకులో గుచ్చి, మిగిలిన ముక్కని కింది పళ్ళతో పుటుక్కున కొరికేది. పందొమ్మిదివందల తొంభైల చివర్లో పంటి చిగురు కిందికి జారి, ఆ పళ్ళలో ఒకదాని వేరు బయటపడి పుచ్చసాగింది. ఆ పన్ను పోతే ఇంక చేతిపని పోయినట్టేనని అమ్మకి బెంగ.

అనంతగిరి సంతలో పళ్ళ వైద్య శిబిరం పెట్టారని తెలిసి అమ్మని లాక్కెళ్ళాను. పిన్ని కూడా వచ్చింది. డాక్టరమ్మ సన్న కొక్కెం ఆనిస్తే వేరులోకి మెత్తగా దిగిపోయింది. పంటి పైభాగానికి ఉండే గట్టి పెంకు వేరుకి ఉండదట, చిగురే దానికి కాపలా అట. పీకక్కర్లేదని, ఫ్లోరైడ్ పూత పూస్తానని, ఇంట్లో ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమాలని చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. నల్గొండలో మనుషుల కాళ్ళు వంకర్లు పోయేది దానివల్లేనని రేడియోలో విన్నాను. అదే అడిగాను, సంతంతా ఇటు తిరిగేలా.

"కూరలో ఉప్పు వేస్తాం, ఉప్పునే కూర చెయ్యం కదమ్మా. నీళ్ళలో ఏళ్ళ తరబడి ఎక్కువ తాగితే ముప్పు. ఇది పంటికి రాసి ఉమ్మేసేది," అందావిడ.

సరేనని అక్కడే అమ్మ పంటికి పూత పూయించాను.

అమ్మ చేత పళ్ళు తోముకునే బూడిద మానిపించి పేస్టు అలవాటు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా వానలు వెళ్ళేసరికి పన్ను నల్లబడింది.

"ఏటే గుంటా, నీ మందు నా పన్నుని బొగ్గు సేసీసింది," అంది అమ్మ.

"ఇంకేటి సూత్తావు, పీకించీ," అంది పిన్ని.

మళ్ళీ శిబిరం పెట్టిన సంతరోజున, నాతో చెప్పకుండా ఇద్దరూ పోయి, గోనె పరుచుకుని పళ్ళు పీకేవాడి ముందు కూర్చున్నారు. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి వాడు పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ రెక్క పట్టుకుని లేపి డాక్టరమ్మ దగ్గరకి ఈడ్చుకెళ్ళాను. పిన్ని తిట్టుకుంటూ వెనకే వచ్చింది.

ఈసారి కొక్కెం దిగలేదు, జారిపోయింది.

"పుచ్చు ఆగింది. ఆగిన పుచ్చు ఇలాగే నల్లగా, గట్టిగా ఉంటుంది. రంగు మాత్రం తిరిగిరాదు. పన్ను ఉంటుంది," అంది డాక్టరమ్మ.

"మళ్ళీ గీకమ్మా," అంది అమ్మ.

మళ్ళీ గీకింది. టక్కుమంది. నాకు పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు.

అమ్మ కుర్చీ దిగి, పిన్నిని అందులో కూలేసి, తనే ఆవిడ దవడ పట్టుకుని నోరు తెరిచింది.

"బేగి సూడమ్మా, దీనికీ వేరు తేలిపోనాది," అంది.