ముందు పేరు, తరువాత కబురు

ఫోను టింగుమంటే చాలు, నాకిప్పటికీ మైకు గొట్టంలోని వేడి దుమ్ము వాసన తగులుతుంది. నరసన్నపేటలో అప్పన్న మావ ప్రచారం రిక్షా ఎక్కి నేను గొంతెత్తితే బస్సులు ఆగిపోయేవి. సరే, ఒక్క బస్సు ఆగేది. దాని స్టాపు అక్కడే.

అప్పన్న వరసకు మావ, పనికి యజమాని. సినిమాకైనా ఓట్లకైనా ముందు చెప్పించినవారి పేరు, తరువాతే కబురు. అది ఆయన కట్టుబాటు. ఒక ఎన్నికలప్పుడు ఎవరో ఎదుటి అభ్యర్థి మీద నిందలు రాసి తెచ్చి, "పేరొద్దు, ఊరికే సదివీండి" అన్నాడు. మావ ఆ కాగితం మడిచి అతని జేబులోనే పెట్టాడు. బేరం పోయిందని నేను సణిగాను.

"ఒరే అల్లుడా, పేరున్న అబద్ధాన్ని ఇన్నోడు తూకమేసుకుంటాడు. ఆడెవుడో, ఎందుకంతన్నాడో తెలుస్తాది. పేరు లేనిదానికి తూకమేటి?"

ఊళ్లో స్మార్ట్‌ఫోన్లు వచ్చిన కొత్తలో మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక కబురు పడింది: చేపలకు శవాలకు పూసే మందు పూస్తున్నారు, తినొద్దు. కింద ఎవరి పేరూ లేదు. ఉన్నదున్నట్టు పంపితే నా గొప్పేముంది? "పక్క ఊళ్లో నలుగురు ఆస్పత్రి పాలయ్యారు, కళ్లారా చూశాను" అని చేర్చి పదిమందికి పంపాను. నేను కళ్లారా చూసింది ఫోనునే.

మూడోనాడు, మా వీధికి రోజూ చేపలు తెచ్చే పోలమ్మ నిండు గంపతో వెనక్కి పోతూ మా అరుగు దగ్గర ఆగింది. మావ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఇన్నేళ్లు నా సేతి సేపలు తిన్నోలు, నా మొకం సూడకుండా ఫోను సూసి తలుపేసేత్తన్నారు బావా. రేపట్నించి ఏటి సేసేది?"

ఆమె వెళ్లాక మావ నా వైపు తిరిగాడు. "ఆ కబురు నీ ఫోన్నించే ఎల్లిందంట. ఎవులు సెప్పమన్నార్రా?"

నేను ఫోను జేబులో వేసుకున్నాను. "అటక మీద మైకుంది, దింపు" అన్నాడు.

ఆ సాయంత్రం నా పేరు, ఇంటిపేరు చెప్పి, అబద్ధమాడానని ఊరంతా చాటాను. ఊరంతా కాదు, రెండు వీధులు. మూడో వీధి మొగలో మా వియ్యంకుడు కనిపించేసరికి మైకు దించేశాను. మావ మైకు లాక్కుని, ఆయాసపడుతూనే అందుకున్నాడు: "అబద్ధమాడినోడు నా అల్లుడు. ఆడికి మైకు పట్టుకోడం నేర్పినోణ్ని నేను, అప్పన్నని."

ఆ చాటింపును ఎవరూ ఎవరికీ పంపలేదు. పోలమ్మ మా వీధికి రావడం మానేసింది. కొన్నాళ్లకు మావ పోయాడు. నా కబురు మాత్రం బతికే ఉంది. మొన్న బొబ్బిలి చుట్టం ఒకాయన దాన్ని నాకే పంపాడు. "కళ్లారా చూశాను" అన్న ముక్క చెక్కుచెదరలేదు. అలా వచ్చిన ప్రతిసారీ ఆనని కళ్లతో, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ జవాబు కొడతాను. ముందు నా పేరు. తరువాత కబురు.